నగావోకా నింగి: ఆగస్టు 1 నుంచి 4 దాకా

జపాన్‌లో పెద్ద బాణసంచా ఉత్సవాలు చాలావరకు శని, ఆదివారాలు చూసుకుని జరుగుతాయి. నగావోకాలో ఆ లెక్క లేదు. ఏ వారమైనా సరే, ఆగస్టు 2, 3 రాత్రులే. తేదీ కదలకపోవడానికి కారణం అంతకు ముందు రోజు. 1945 ఆగస్టు 1 రాత్రి అమెరికా బాంబర్లు ఈ ఊరిని కాల్చేశాయి. మరుసటి ఏడాది అదే తేదీన ఊరివాళ్లు పునర్నిర్మాణ ఉత్సవం మొదలుపెట్టారు. 1 చనిపోయిన వాళ్ల కోసం, 2, 3 బాణసంచా కోసం అన్న ఏర్పాటు దాని నుంచే స్థిరపడింది.

అందుకని 2వ తేదీ సాయంత్రం రైలు దిగి నేరుగా షినానో నది ఒడ్డుకు వెళ్తే చూడాల్సిన దాంట్లో సగమే దక్కుతుంది. ఇక్కడ పేరుమోసిన ప్రదర్శనల్లో చాలావాటి వెనక ఊరికి తగిలిన ఏదో ఒక దెబ్బ ఉంది. యుద్ధం, కరవు, బాంబులు, వరద, భూకంపం: ఏది దేనికి పుట్టిందో తెలిశాక ఆకాశంలో కనిపించేదే వేరు. కింద రాసినది ఆ నాలుగు రోజుల వరస.

ముందు ప్రయాణం సంగతి. నగావోకా నీగాతా ప్రిఫెక్చర్‌లో (మన రాష్ట్రం లాంటిది) ఉంది. టోక్యో నుంచి జోయెట్సు షింకన్‌సెన్ బుల్లెట్ రైల్లో గంటన్నర, గంటా ముప్పావు పడుతుంది. ఉత్సవం రోజుల్లో ఊళ్లో హోటల్ గదులు దొరకడం కష్టం. నీగాతా నగరంలో గానీ, త్సుబామే-సంజోలో గానీ, వెనక్కి ఎచిగో-యుజావాలో గానీ దిగడం నయం. మూడూ అదే షింకన్‌సెన్ లైను మీదే ఉన్నాయి. ఒడ్డు మీద సీట్లన్నీ 2022 నుంచి టికెట్‌కే. కరోనా వల్ల 2020, 2021ల్లో ఉత్సవం ఆగి, మళ్లీ మొదలైనప్పుడు తెచ్చిన మార్పు ఇది. అమ్మకాలు నెలల ముందే లాటరీ పద్ధతిలో మొదలవుతాయి. జులైలో వెతకడం మొదలుపెడితే ఆలస్యమైనట్టే.

ఆగస్టు 1: తెల్ల చామంతి

పగలు యుద్ధనష్టాల మ్యూజియంతో మొదలుపెట్టాలి. స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరం. చిన్నదే, కానీ తొందరపడకూడదు. ఆ రాత్రి 10 గంటల 30 నిమిషాలకు మొదలై గంటా నలభై నిమిషాలు సాగిన దాడిలో 125 బి-29 విమానాలు పాల్గొన్నాయి. పడినవి లక్షా 63 వేల నిప్పు బాంబులు. ఊళ్లో కట్టిన భాగంలో దాదాపు 80 శాతం కాలిపోయింది. చనిపోయినవాళ్లు 1,480 మందికి పైనే. ఇంత పెద్ద సంఖ్య ఎలా వచ్చిందన్నది అక్కడ బాంబు నమూనా చూస్తే తెలుస్తుంది. ఒక్కో పెద్ద తొడుగులో 38 సన్నని బాంబులు కట్టగట్టి ఉండేవి. గాల్లోనే కట్ట విడిపోయి, మండే జిగురు నింపిన గొట్టాలు చెక్క ఇళ్ల మీద విడివిడిగా పడేవి. గోడల మీద చనిపోయిన వాళ్ల ఫోటోలు ఉంటాయి.

అక్కడి నుంచి హిరాకాతా గుడి, కాకి నది. మంటల నుంచి పారిపోయిన జనం ఈ రెండు చోట్లా గుమిగూడి పెద్ద సంఖ్యలో చనిపోయారు. ఇప్పుడు కాకి నది ఊరి మధ్యలో సన్నని కాలువలా కనిపిస్తుంది. ఆగస్టు 1 సాయంత్రం దాని మీద కాగితపు దీపాలు వదులుతారు. అదే సాయంత్రం స్టేషన్ ముందు ఓతెదోరి వీధిలో జానపద నృత్యాల ఊరేగింపు జరుగుతుంది. రెండూ పక్కపక్కనే జరగడం ఎవరికీ ఎబ్బెట్టుగా అనిపించదు. ముందు దీపాల దగ్గరికి వెళ్లి, తర్వాత వీధిలోకి రావడం మంచిది.

రాత్రి 10:30కి, అంటే మొదటి బాంబు పడిన సమయానికి, ఊళ్లో గుడి గంటలు మోగుతాయి. షినానో నది మీద మూడు తెల్ల బాణసంచా గుండ్లు పేలుతాయి. ఈ ప్రదర్శన పేరు షిరాగికు, తెల్ల చామంతి. సంగీతం లేదు, వ్యాఖ్యానం లేదు. 10:20 కల్లా ఒడ్డు మీదో, వంతెన దగ్గరో నిలబడి ఉండాలి. ఆలస్యమైతే చూడ్డానికి ఇంకేమీ మిగలదు.

షిరాగికును తయారు చేసినది కాసే సెయిజి. 1922లో పుట్టిన నగావోకా బాణసంచా కళాకారుడు. యుద్ధం ముగిశాక సోవియట్ సేనలకు బందీగా సైబీరియాలో గడిపి తిరిగొచ్చాడు. 1990లో ఖబరోవ్‌స్క్‌లో, ఆమూర్ నది మీద, తనతో పాటు బందీలుగా ఉండి అక్కడే చనిపోయిన తోటివాళ్ల కోసం తెల్ల చామంతులు ఎగరేశాడు. 2015 ఆగస్టులో, యుద్ధం ముగిసి 70 ఏళ్లయిన సందర్భంగా, నగావోకా ఇవే తెల్ల గుండ్లను హవాయిలోని పెర్ల్ హార్బర్‌లో పేల్చింది. పెర్ల్ హార్బర్ మీద జపాన్ చేసిన దాడికి పథకం వేసిన యమమోతో ఇసొరొకు పుట్టిన ఊరు నగావోకాయే. అక్కడి హొనొలులు, నగావోకా 2012 నుంచి సోదర నగరాలు. కాసే 2023 డిసెంబరులో, 101 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

తెలుపు ఒక్కటే వాడటం తేలిక పని అనుకోవద్దు. రంగులు మారే గుండులో ఒక గుళిక (గుండు లోపల మండి వెలుగునిచ్చే చిన్న ఉండ) ఆలస్యంగా అంటుకున్నా, ఒకటి వంకరగా పోయినా, చూసేవాడి కన్ను తర్వాతి రంగు మీదికి జారిపోతుంది. ఒకే తెలుపులో ఆ చాటు ఉండదు. గుండ్రటి అంచు ఎక్కడ తప్పినా బయటపడిపోతుంది. 2, 3 తేదీల ప్రదర్శన కూడా మూడు షిరాగికులతోనే మొదలవుతుంది. అప్పటికి జనం ఇంకా సీట్లు వెతుక్కుంటూ, చేతిలో తిండి పట్టుకుని తిరుగుతుంటారు. ముందు రాత్రి చూసినవాళ్లు మాత్రం ఎక్కడున్నవాళ్లు అక్కడే ఆగిపోతారు.

ఆగస్టు 2, పగలు: గుండు లోపల ఏముంది

ఉదయం ఊరి పడమర వైపున్న ‘నగావోకా హనబి-కాన్’కు వెళ్లాలి. 2020 సెప్టెంబరులో తెరిచారు. రోడ్డు పక్కన ప్రయాణికులు ఆగే విడిది అది. అందులోనే బాణసంచా మ్యూజియం, గోపురం ఆకారపు థియేటర్ ఉన్నాయి. స్టేషన్ నుంచి బస్సు ఉంది. ఉత్సవం రోజున మధ్యాహ్నం తర్వాత రోడ్లు మూసుకుపోతాయి కాబట్టి తెరవగానే చూసేసి, పన్నెండు లోపు ఊళ్లోకి వచ్చేయాలి.

రాత్రి చూడబోయేది అర్థం కావాలంటే గుండు నిర్మాణం తెలియాలి. జపాన్ గుండు బంతిలా ఉంటుంది. రెండు అట్ట గిన్నెల్లో లోపలి గోడ వెంబడి గుళికలు ఒకదాని పక్కన ఒకటి పేరుస్తారు. మధ్యలో పేల్చే మందు నింపుతారు. రెండు గిన్నెలను మూతపెట్టినట్టు కలిపి, బయట జిగురు రాసిన కాగితపు ముక్కలను పొరలు పొరలుగా అంటిస్తారు. ఒత్తి లోపలి దాకా వెళ్తుంది. గుండు పైకెళ్లే సమయమూ ఒత్తి కాలే సమయమూ సరిపోవాలి.

గుళిక తయారీయే అన్నిటికన్నా ఓపిక కావలసిన పని. చిన్న గింజంత పూసను తిరిగే పళ్లెంలో వేసి, జిగురు బియ్యప్పిండి కలిపిన తడి మందు, దాని మీద పొడి మందు చల్లుతూ దొర్లిస్తారు. సోంపు గింజలకు పంచదార పూత పట్టించినట్టే. ఒక్కో విడతకి పూత మందం అర మిల్లీమీటరు దగ్గర పెరుగుతుంది. ఎండలో ఆరబెట్టి, మళ్లీ పూత. వేళ్లంత లావు గుళిక కావాలంటే వారాలు పడుతుంది. రంగు మారే గుళికలో పొరపొరకీ వేరే రసాయనం: ఎరుపుకి స్ట్రాన్షియం, పచ్చకి బేరియం, నీలానికి రాగి, పసుపుకి సోడియం. బంగారు రంగు బొగ్గు నిప్పురవ్వలది.

ఇక్కడ ఎక్కువగా జరిగే నష్టం తొందరపాటు వల్లనే. పైపొర ఆరి లోపల తడి మిగిలితే గుళిక సగంలో ఆరిపోతుంది, లేదా అసలు అంటుకోదు. గుండు విచ్చుకున్నప్పుడు అంచులో చీకటి గుంటలు కనిపిస్తే అది చాలాసార్లు నెలల ముందు సరిగ్గా ఆరని గుళికల ఫలితం. గుళికల పరిమాణం సమానంగా లేకపోతే ఇంకో లోపం: కొన్ని ముందు ఆరిపోతాయి, కొన్ని ఆలస్యంగా. పని తెలిసినవాళ్లు గుండు విచ్చుకోవడం కంటే ఆరిపోవడాన్ని ఎక్కువ శ్రద్ధగా చూస్తారు. గుళికలన్నీ ఒకేసారి మాయం కావాలి.

పేల్చే మందుకి ఊక గానీ, పత్తి గింజలు గానీ తీసుకుని దాని మీద నల్లటి తుపాకి మందు పూస్తారు. ఊక ఎందుకంటే గింజకీ గింజకీ మధ్య ఖాళీ ఉంటే మంట గుండు అంతటా ఒకేసారి వ్యాపిస్తుంది. దాని బలానికి తగ్గట్టు బయట కాగితపు పొరలుండాలి. పొరలు తక్కువైతే గుండు ముందే చీలిపోయి గుళికలు దగ్గర్లోనే రాలిపోతాయి. పొరలు ఒక పక్క పలచబడితే ఆకారం కోడిగుడ్డులా సాగుతుంది. అందుకే కాగితం అంటించేవాళ్లు గుండును బల్ల మీద దొర్లిస్తూ, చేత్తో నొక్కుతూ గాలి బుడగలు తీసేస్తారు.

రాత్రి ఒక్కో గుండునూ అంచనా వేయడానికి నాలుగు విషయాలు గుర్తుంచుకుంటే చాలు. పైకెళ్లిన గుండు పూర్తిగా ఆగిన క్షణాన విచ్చుకుందా? ఇంకా ఎక్కుతుండగానో, కిందికి దిగడం మొదలయ్యాకో పేలితే పువ్వు ఒక పక్కకి ఒరుగుతుంది. గుండ్రంగా, పరిమాణానికి తగ్గ వెడల్పులో వచ్చిందా? రంగులు శుభ్రంగా మారాయా? చివర అన్నీ ఒకేసారి ఆరాయా? తోక వదిలేవి చామంతులు, తోక లేకుండా చుక్కలుగా విచ్చుకునేవి పియోనీలు, బంగారు రేఖలు కిందిదాకా జారేవి కమురో. ఈ మూడు పేర్లు తెలిస్తే మైకులో చెప్పే వ్యాఖ్యానం సగం అర్థమవుతుంది.

ఆగస్టు 2, రాత్రి: మూడు షకుల గుండు

ప్రదర్శన 7:20కి మొదలై 9:10 దాకా సాగుతుంది. వేదిక షినానో నది. 367 కిలోమీటర్ల పొడవుతో జపాన్‌లో అన్నిటికన్నా పొడవైన నది ఇదే. 1937లో కట్టిన చోసే ఉక్కు వంతెనకీ, దిగువన ఓతె పెద్ద వంతెనకీ చుట్టుపక్కల నది మధ్య ఇసుక తిన్నెల మీద గొట్టాలు పాతుతారు. జనం రెండు ఒడ్డులా కూర్చుంటారు. స్టేషన్ వైపున్నది కుడి ఒడ్డు, నడక అరగంట. ఎడమ ఒడ్డు టికెట్ తీసుకుంటే వంతెన దాటాలి కాబట్టి ఇంకో అరగంట కలుపుకోవాలి. ఐదు గంటలకల్లా సీటులో ఉండటం మంచిది. ఎండ 33, 34 డిగ్రీల దగ్గర ఉంటుంది, ఒడ్డున నీడ లేదు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, టోపీ, గొడుగు బదులు రెయిన్‌కోటు (వెనకవాళ్లకి అడ్డం కాబట్టి గొడుగు తెరవనివ్వరు), గడ్డి మీద పరుచుకోవడానికి షీటు ఉండాలి. వాన పడినా ప్రదర్శన ఆగదు. నది పొంగితే మాత్రం చేయడానికేమీ ఉండదు, ఎందుకంటే గొట్టాలుండేది నది గర్భంలోనే.

ఇక్కడి బాణసంచా కథ బాధతో మొదలవలేదు. 1879 సెప్టెంబరులో, సెంజు పేటలోని హచిమాన్ గుడి ఉత్సవానికి, ఊరి విలాస గృహాల్లోని వేశ్యలు చందాలు వేసుకుని 350 గుండ్లు పేల్పించారు. నగావోకా బాణసంచాకి లిఖిత ఆరంభం అదే. తర్వాత వ్యాపారులు, పరిశ్రమల వాళ్లు పోటీపడి డబ్బు పెట్టారు. గుండు పెరుగుతూ వచ్చి, 1926లో ఇక్కడ మొదటిసారి మూడు షకుల గుండు లేచింది. షకు అంటే సుమారు 30 సెంటీమీటర్లు. దాని జపనీస్ పేరు సన్‌షకుదామా. 1938లో యుద్ధం వల్ల బాణసంచా ఆగిపోయింది. 1947లో తిరిగి మొదలైంది. 1951లో ఉత్సవానికి నగావోకా మత్సురి అన్న ఇప్పటి పేరు వచ్చింది. మూడు షకుల గుండు కూడా ఆ ఏడాదే తిరిగొచ్చింది.

కొలతలు పక్కపక్కన పెడితే దాని గొప్ప తెలుస్తుంది. ఒక షకు గుండు, అంటే మామూలు ఉత్సవాల్లో పెద్దదిగా చెప్పుకునేది, ఎనిమిదిన్నర కిలోలు. 330 మీటర్ల ఎత్తుకెళ్లి 320 మీటర్ల వెడల్పున విచ్చుకుంటుంది. మూడు షకులది సుమారు 300 కిలోలు. 600 మీటర్లు ఎక్కి 650 మీటర్ల వెడల్పు అవుతుంది. వ్యాసం మూడింతలైతే బరువు ముప్ఫై రెట్లు దాటింది, పువ్వు వెడల్పు మాత్రం రెండింతలే. ఆ రెండింతల కోసం పడే శ్రమ అంతా ఈ లెక్కలో ఉంది. ఇంత బరువును చేతులతో గొట్టంలోకి దించలేరు, క్రేన్ కావాలి. గొట్టం గోడకీ గుండుకీ మధ్య సందు ఎక్కువైతే వాయువు పక్కల నుంచి తప్పించుకుని గుండు అనుకున్నంత ఎత్తు ఎక్కదు. అప్పుడు అదే ఒత్తితో తక్కువ ఎత్తులో పేలుతుంది. 300 కిలోల గుండుకి అది ప్రమాదం.

ఎగరేసే ముందు సైరన్ మోగుతుంది. 1945 సంగతి ఎరిగిన ఊళ్లో ఆ మోత వినడానికి సందర్శకులు సిద్ధపడి ఉండరు. ఒడ్డంతా నిశ్శబ్దమవుతుంది. కింద మెరుపు, తర్వాత గుండు ఎక్కడం. సుమారు పది సెకన్లు. మెడ పైకెత్తి, ఎక్కడ విచ్చుకుంటుందనుకుంటారో దానికన్నా బాగా పైన చూడాలి. కొత్తవాళ్లు కింద చూస్తూ మొదటి క్షణం పోగొట్టుకుంటారు. కిలోమీటరు దూరంలో కూర్చుంటే వెలుగు కనిపించిన మూడున్నర సెకన్లకు శబ్దం చేరుతుంది. ఛాతీలో తగులుతుంది. చంటిపిల్లలుంటే చెవులు మూసే హెడ్‌ఫోన్లు తీసుకెళ్లాలి.

చోసే వంతెన మీది నయాగరా ఈ గుండుకి జోడీ. వంతెన వెంబడి వేలాడదీసిన మందు గొట్టాలు వెలిగి తెల్లని జలపాతంలా నీళ్ల మీదికి రాలుతుంటే, ఆ వెలుగు ఉండగానే పైన మూడు షకులది విచ్చుకుంటుంది. రెండూ కలిపి చూడాలంటే వంతెనకి మరీ దగ్గరి సీటు వద్దు.

మేఘాలు కిందికి దిగిన రాత్రి దీనికి అన్యాయం జరుగుతుంది. మేఘం అడుగు 600 మీటర్ల లోపు ఉంటే పువ్వులో సగానికి పైగా మేఘం లోపలే ఉండిపోయి, అక్కడ ఎర్రటి కాంతి మాత్రమే కనిపిస్తుంది. చిన్న గుండ్లు మాత్రం ఆ రాత్రి కూడా బాగానే ఉంటాయి. రెండు రాత్రుల టికెట్లూ తీసుకోమని చెప్పేది అందుకే.

కోమే హ్యాప్పియో, అంటే నూరు బస్తాల బియ్యం, మరో పాత గాయానికి పుట్టింది. 1868 అంతర్యుద్ధంలో నగావోకా సంస్థానం ఓడి, ఊరు కాలిపోయింది. తిండికి కటకటగా ఉన్నప్పుడు, 1870లో, మినెయామా సంస్థానం నూరు బస్తాల బియ్యం పంపింది. పంచిపెట్టమని సమురాయ్‌లు అడిగితే, సంస్థానం అధికారి కొబయాషి తొరసబురో ఒప్పుకోలేదు. ఆ బియ్యం అమ్మి బడికి పెట్టాడు. ఆకలిగా ఉన్నవాళ్లకి ఆ మాట చెప్పి ఒప్పించడం చిన్న విషయం కాదు. దానికి గుర్తుగా ఇప్పుడు ఒక షకు గుండ్లు నూరు, ఒకదాని వెంట ఒకటి పేలుస్తారు. చాలా ఊళ్లలో షకు గుండు ఒక్కొక్కటిగా, పేరు చెప్పి, ఆగి వదులుతారు. ఇక్కడ నూరూ వరసగా. గాలి లేకపోతే ఇరవయ్యో గుండు నుంచే పొగ గోడ కట్టేసి, మిగతావి ఆ పొగ వెనకపడిపోతాయి. గాలి వీపుకి తగులుతున్న ఒడ్డు అదృష్టవంతమైనది, పొగ ఎదుటివైపు పోతుంది. ఎదురుగాలి ఒడ్డున వాళ్లకి పొగా, కాలిన అట్టముక్కలూ వచ్చి మీద పడతాయి. గాలి మరీ బలంగా, సెకనుకు 10 మీటర్ల వేగాన ఆగకుండా వీస్తే జపాన్‌లో సాధారణంగా ప్రయోగాలు ఆపేస్తారు.

ఆగస్టు 3: ఫీనిక్స్

పగటిపూట ఓతెదోరి దగ్గరి ‘కియోకు-మిరాయ్’ భూకంప జ్ఞాపక కేంద్రం చూడాలి. నేల మీద పరిచిన పెద్ద విమాన చిత్రంలో కొండచరియలు ఎక్కడెక్కడ విరిగాయో తెలుస్తుంది.

2004 నగావోకా ప్రాంతానికి కాలం కలిసిరాని ఏడాది. జులై 13న వరదలు. అక్టోబరు 23 సాయంత్రం 5:56కి 6.8 తీవ్రతతో చూఎత్సు భూకంపం. 68 మంది చనిపోయారు. వేగంగా వెళ్తున్న షింకన్‌సెన్ నగావోకాకి దగ్గర్లో పట్టాలు తప్పింది. ప్రయాణికులతో నడుస్తున్న షింకన్‌సెన్ పట్టాలు తప్పడం అదే మొదలు, ఒక్క ప్రాణం కూడా పోలేదు. దాని వెనకే భారీ మంచు. 2005 ఆగస్టులో, ఊరు మళ్లీ నిలబడాలని కోరుతూ, జనం వేసిన చందాలతో, బూడిద నుంచి మళ్లీ లేచే కథల పక్షి పేరుతో, ఫీనిక్స్ మొదలైంది. ఇప్పటికీ ప్రతి ఏడాదీ చందాలే దానికి ఆధారం.

ఇది ఒక్క గుండు కాదు. నది పొడవునా దాదాపు రెండు కిలోమీటర్ల మేర పెట్టిన కేంద్రాల నుంచి ఒకేసారి లేచే, సుమారు ఐదు నిమిషాల ప్రదర్శన. వెనక ‘జూపిటర్’ పాట. భూకంపం తర్వాత బాధితులు స్థానిక ఎఫ్ఎం రేడియోని పదే పదే అడిగి వేయించుకున్న పాట అది. చివరికొచ్చేసరికి బంగారు రెక్కలు విప్పిన పక్షులు వరసగా కనిపిస్తాయి, వాటి మీద కమురోలు ఆకాశమంతా కప్పేస్తాయి. ఊరివాళ్లలో చాలామంది ఏడుస్తారు. రెండు రాత్రులూ ఉంటుంది.

కష్టం సమయపాలనలో ఉంది. ఒక్కో కేంద్రంలో గుండ్లను విద్యుత్ తీగలతో కలిపి, పాటలోని క్షణాలకు తగ్గట్టు కంప్యూటర్ నుంచి నిప్పు పంపుతారు. చిన్న గుండు తక్కువ ఎత్తులో త్వరగా విచ్చుకుంటుంది, పెద్దది ఆలస్యంగా. కాబట్టి ఒకే తాళానికి రెండూ విచ్చుకోవాలంటే పెద్దదాన్ని ముందే వదలాలి. రెండు కిలోమీటర్ల వరసలో ఒక తీగ తడిసి ఒక కేంద్రం మూగబోతే ఆ చోట నల్లటి ఖాళీ కనిపిస్తుంది. మిగతావాటిలో ఒక్క కేంద్రం వెనకబడినా వరస విరుగుతుంది. వాన పడిన రోజు అందరూ భయపడేది దానికే. గుండ్లున్న గొట్టాల మూతలకి, తీగల కలయికలకి ప్లాస్టిక్ కప్పి, ఆఖరి గంటల దాకా ఒక్కొక్కటి పరీక్షిస్తారు.

వెడల్పు రెండు కిలోమీటర్లు అన్నప్పుడు ఎక్కడ కూర్చోవాలన్నదే ప్రశ్న. ఎదురుగా కిలోమీటరు దూరంలో కూర్చుంటే అది కుడి నుంచి ఎడమకి 90 డిగ్రీలు ఆక్రమిస్తుంది. ఒక చూపులో పట్టదు, తల తిప్పాలి. మధ్య భాగంలో సీటుంటే అన్నిటికన్నా బాగుంటుంది. చివరల్లో కూర్చుంటే వరసంతా కోణంలో కుంచించుకుపోతుంది, కానీ దగ్గరి కేంద్రం నెత్తిమీదే పేలుతుంది. ఆకారం మొత్తం ఒకేసారి చూడాలంటే నదికి దూరంగా, కొండ వాలుల మీదికి వెళ్లాలి. అక్కడ శబ్దం తగ్గుతుంది, పాట వినబడదు. ఒడ్డున ఒక రాత్రి, దూరంగా ఒక రాత్రి అన్నది మంచి పద్ధతి.

ఫోటోలకు ట్రైపాడ్ తప్పనిసరి. కానీ మామూలు సీట్లలో దాన్ని నిలబెట్టి వెనకవాళ్లకి అడ్డం పెట్టకూడదు, కెమెరాల కోసం కేటాయించిన సీట్లు వేరే ఉన్నాయి. ఐఎస్ఓ 100, అపర్చర్ ఎఫ్ 11 నుంచి 16, షట్టర్ చేత్తో నాలుగైదు సెకన్లు తెరిచి ఉంచడం. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా మీద 24 మిల్లీమీటర్ల లెన్స్ అడ్డంగా 74 డిగ్రీలే పట్టుకుంటుంది, ఫీనిక్స్‌కి చాలదు. 16 కావాలి. మూడు షకుల గుండుకి అదే 24ని నిలువుగా తిప్పితే సరిపోతుంది: కిలోమీటరు దూరం నుంచి పువ్వు పై అంచు 43 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. ఫీనిక్స్ చివరి ముప్ఫై సెకన్లలో వెలుగు ఎంత పెరుగుతుందంటే అదే సెట్టింగ్‌తో ఫోటో తెల్లగా కాలిపోతుంది. పాట చివరి చరణానికి అపర్చర్‌ని ఒకటి రెండు మెట్లు మూసేయాలి.

తెన్‌చిజిన్ అనే ప్రదర్శన 2009లో చేరింది. ఆ ఏడాది జపాన్ జాతీయ టీవీలో నగావోకాతో సంబంధమున్న యోధుడు నావోఎ కనెత్సుగు మీద ఆ పేరుతోనే ధారావాహిక వచ్చింది. ఇది పర్యాటకం కోసం పుట్టినది, దాచాల్సిన పనిలేదు. ఆ ధారావాహిక సంగీతానికి నేల నుంచి ఆకాశం దాకా అంతస్తులుగా లేస్తుంది. విడిగా చూస్తే బాగుంటుంది. ఫీనిక్స్ పక్కన మాత్రం తేలిపోతుంది.

ఆఖరి గుండు తర్వాత వెంటనే లేచి పరుగెత్తకూడదు. మైకులో పిలుపు రాగానే ఒడ్డు మీది జనమంతా ఫోన్ లైట్లు, చేతి లైట్లు ఊపుతారు. నదిలోపలి నుంచి బాణసంచా పనివాళ్లు ఎర్రటి మంటలు ఊపి బదులిస్తారు. ఎగరేసినవాళ్లనీ చూసినవాళ్లనీ ముఖాముఖీ నిలబెట్టే ఏర్పాటు ఇది, దీన్ని వదులుకుని రైలు పట్టుకోవడం సరికాదనే మా అభిప్రాయం. స్టేషన్ బయట వరస ఎలాగూ గంటకు తక్కువ ఉండదు. రిజర్వేషన్ ఉన్న రైలు 10:30కి ముందుది అయితే దొరకడం కష్టం. తిరుగు టికెట్ వీలైనంత ఆలస్యపు రైలుకే తీసుకోవాలి.

తిండి సంగతి ఒక మాట. శాకాహారులకి ఒడ్డు మీది దుకాణాల్లో దొరికేవి ఉడికించిన పచ్చి సోయా కాయలు, మొక్కజొన్న కండెలు, తురిమిన ఐసు. నీగాతా ససాదాంగో, వెదురాకులో చుట్టిన ఎర్రచిక్కుడు ఉండ్రం, నిశ్చింతగా తినొచ్చు. ఈ ప్రాంతపు హెగి-సోబా నూడుల్స్‌లో సముద్రపు నాచు జిగురుగా కలుపుతారు, దానికి ఇబ్బంది లేదు. కానీ పక్కనిచ్చే పులుసు చేపల రసంతో చేస్తారు.

ఆగస్టు 4: కొండల్లో

తెల్లవారగానే ఒడ్డుకి వెళ్తే చెత్త ఏరే వాలంటీర్లు కనిపిస్తారు. తర్వాత రోజు యమకోషికి కేటాయించాలి. కారు ఉంటే తేలిక, బస్సులు చాలా తక్కువ. భూకంపానికి ఈ ఊరి రోడ్లన్నీ తెగిపోయాయి, సుమారు 2,200 మందిని హెలికాప్టర్లలో తరలించారు. 2005 ఏప్రిల్ 1న యమకోషి నగావోకాలో కలిసింది. ఫీనిక్స్ మొదలైంది ఆ వేసవిలోనే. కొగొమో దగ్గర విరిగిపడిన చరియ నదికి అడ్డుకట్ట వేయడంతో ఇళ్లు నీట మునిగాయి. ఆ ఇళ్లను అలాగే ఉంచారు, రోడ్డు మీది నుంచి కనిపిస్తాయి. చుట్టూ మెట్ల పొలాలు, రంగు కార్ప్ చేపల చెరువులు. ఆ చేపల పెంపకం ఈ కొండల్లోనే పుట్టింది.

దిగేటప్పుడు దారి ఒజియా మీదుగా పోతుంది. ఒజియాలో కతకాయ్ అనే చిన్న పేట ఉంది, జనాభా నాలుగు వేల దగ్గర. నగావోకా పెద్ద గుండుకి దారి వేసినది ఇక్కడి పోటీయే. కతకాయ్ 1891లోనే మూడు షకుల గుండు ఎగరేసింది, నగావోకా కన్నా 35 ఏళ్లు ముందు. నాలుగు షకులది 1985లో సాధించింది: 420 కిలోలు, 800 మీటర్ల ఎత్తు, 800 మీటర్ల వెడల్పు. ఇక్కడ ప్రతి గుండూ అసహరా గుడికి మొక్కు. బిడ్డ పుట్టినందుకు, ఇరవయ్యేళ్లు నిండినందుకు, అరవయ్యేళ్లకు, చనిపోయిన తండ్రి కోసం ఎవరింటివాళ్లు వాళ్లు డబ్బు పెట్టి చేయిస్తారు. మైకులో పేరూ సందేశమూ చదివాకే ఆ గుండు లేస్తుంది. ఒకే ఏడాది బడి ముగించినవాళ్లు బృందంగా కలిసి కొన్నేళ్లపాటు డబ్బు కూడబెట్టి పెద్ద వరసలు చేయిస్తారు.

కతకాయ్ తేదీలు సెప్టెంబరు 9, 10. ఆగస్టు ప్రయాణంలో దొరకదు. గుడి, వెనకనున్న కొండ, గొట్టాలు పెట్టే చోటు మాత్రం చూడొచ్చు. నాలుగు షకులది రెండు రాత్రులూ 10 గంటలకే లేస్తుంది. కతకాయ్‌లో రైల్వే స్టేషన్ లేదు కాబట్టి సెప్టెంబరులో రాదలచినవాళ్లు తిరుగు బస్సు ఎన్నింటికో ముందే రాసిపెట్టుకోవాలి, లేదా నగావోకాలో గది తీసుకుని టాక్సీ మాట్లాడుకోవాలి.